కొవ్వొత్తి పరీక్ష

విల్యాందికి పాతిక కిలోమీటర్ల ఇవతల
అగ్నిమాపక దళం వాళ్ళ చెక్క హాలు.
బయట మైనస్ పదకొండు.
వ్యాన్‌లోంచి స్పీకర్ పెట్టెలు దింపేసరికి
నా వేళ్ళు నావి కాకుండా పోయాయి.

పొయ్యి పక్కన వైకె.
పాల ట్యాంకర్ నడుపుతుంది, అరవై రెండేళ్ళు.
ఒళ్ళో ట్యూబా,
మొండికేసిన దూడని పట్టుకున్నట్టు.
ఆమె పేరుకి మా ఎస్తోనియన్‌లో నిశ్శబ్దమని అర్థం.
బ్యాండు వాళ్ళకి ముప్ఫైయేళ్ళుగా అదే జోకు.
ఆమె నవ్వడం ఎప్పుడో మానేసింది.

వందేళ్ళ పండగకి మంద్రం చాలదని
సంఘం వాళ్ళు నన్ను పిలిపించారు.
వైకె నా పెట్టెని ఎగాదిగా చూసింది.
"లోపలేముంది?"
"దూది."
"ఎందుకు?"
"పెట్టె మోగకుండా."
"మోగనిదానికి అద్దె కడుతున్నారా!"

విప్పి చెప్పాను:
మంచి స్పీకరుకి సొంత గొంతుండకూడదు,
తీగ ముందుకంటే ముందుకు, వెనక్కంటే వెనక్కి,
పద్దెనిమిది అంగుళాల కాగితప్పొర
గాలిని తోస్తూ, లాగుతూ, మళ్ళీ తోస్తూ...
"గుమాస్తా అన్నమాట," అంది.

ఊదింది.
కిటికీ అద్దం గజగజలాడింది.
అల్మరాలో పాత హెల్మెట్లు
ఒకదాన్నొకటి తట్టుకున్నాయి.

సెకనుకి యాభై ఎనిమిది ఊపులు.
ఆ అల పొడవు పదమూడు మూరలు.
గొట్టం చుట్టలన్నీ విప్పితే పన్నెండు.
నోరు చూస్తే మూరెడు.
మూరెడు నోట్లోంచి అంత అల ఎలా దూరుతుంది?
దూరదు.
గడప దాకా వస్తుంది,
బయట పట్టు దొరకని ఆరుబయలుని చూసి
ముప్పాతిక మువ్వీసం వెనక్కి తిరుగుతుంది.
అలా తిరిగొచ్చిందే
వైకె పెదవుల తలుపు తడుతుంది,
ఇప్పుడు తెరు, ఇప్పుడు మూయి అని.
తాళం వేసేది
బయటికి పోలేకపోయిన గాలి.

నమ్మలేదు ఆమె.
బల్ల మీది కొవ్వొత్తి వెలిగించి
నా పెట్టె రంధ్రం ముందు పెట్టాను.
అదే స్వరం, తీగలోంచి.
ఫట్.
మైనం చింది పెట్టె మూతి మీద పడింది.

మళ్ళీ వెలిగించి ట్యూబా నోటి ముందు పెట్టాను.
మొహం కందేలా ఊదింది.
హాలంతా నిండింది.
మంట మాత్రం కాస్త తలాడించింది,
ముందు వరసలో తెలిసిన ముసలాయనలా.
ఆరలేదు.

మైకు పెట్టి తెర చూపించాను.
యాభై ఎనిమిది దగ్గర పొట్టి గీత,
నూటపదహార్ల దగ్గర నిలువెత్తు,
ఆ పైన ఇంకా రెండు, మూడు.
"చూశావా, నీ స్వరంలో
అడుగు స్వరమే సరిగా లేదు."

ఆమె మీట నొక్కి
గొట్టంలో చేరిన తడి నేలమీద ఒంపింది.
"మరి నువ్వు విన్నదేమిటి?"

జవాబు నా దగ్గరుంది, చదువుకున్నదే:
పై మెట్లు వరసగా వినిపిస్తే
కింద మెట్టు ఉండే ఉంటుందని
చెవి తనే కట్టుకుంటుంది.
"అయితే సగం పని నీ చెవిదే," అంది.
"దానికి అద్దె ఎవరిస్తున్నారు?"

పండగ రోజు
మూడో మార్చ్ మధ్యలో
నా మీటని సున్నాకి దించాను.
ఎవరూ వెనక్కి తిరగలేదు.
నిజం చెప్పాలి, తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళకి
నా పెట్టెలుంటేనే బావుంది.
డోలుకి కూడా.

రాత్రి ఫోన్లో మా మిర్తెల్‌కి రికార్డు పంపాను.
ఫోను స్పీకరు చిటికెన గోరంత,
మూడొందలకి దిగువ దాని గొంతు పెగలదు.
విని అడిగింది:
"నాన్నా, ఆ లావు గొంతెవరిది?"
"వైకెది."
"నిశ్శబ్దందా?" అని పకపకా నవ్వింది.
అందరూ చేసే జోకే. నేనూ నవ్వాను.

పెట్టె మూతి మీద మైనం
ఇంకా గీకలేదు.